ఇంట్లో ఎలుకల మందు పెడుతున్నారా..? ఆగండి.. ముందు కన్నం మూయండి, ఆ తర్వాతే బోను!

ఉదయం లేచి చూస్తే బియ్యం బస్తాకు చిల్లు.. స్నానాల సబ్బుపై పంటి గాట్లు.. స్టవ్ వెనకాల నల్లటి పెంటికలు.. ఫ్రిజ్ కింద వైరు కొరికేసిన ఆనవాళ్లు. ఎలుక దూరిన ఇల్లు ఇలాగే ఉంటుంది. చిరాకు పడ్డ ఇంటివాళ్లు సాధారణంగా చేసే పని ఒక్కటే. దగ్గర్లోని కిరాణా షాపుకో, మెడికల్ షాపుకో వెళ్లి ఎలుకల మందు తెచ్చి వంటింట్లో ఓ మూల పెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

2022 జూలైలో ముంబైలోని మలాడ్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎలుకల కోసం మందు పట్టించి పెట్టిన టమాటాను ఓ మహిళ పొరపాటున తాను వండుకుంటున్న నూడుల్స్‌లో వేసుకున్నారు. కొన్ని రోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారు. 2024 నవంబర్‌లో చెన్నై శివారు కుండ్రత్తూరులో మరో విషాదం. ఎలుకల బాధ భరించలేక ఓ కుటుంబం మనుషుల్ని పిలిపించి ఇంట్లో మందు పెట్టించుకుంది. ఆ రాత్రి అదే ఇంట్లో పడుకున్నారు. తెల్లారేసరికి వాంతులు, ఆయాసం. ఇద్దరు చిన్నారులు చనిపోయారు. తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లో విషం పెట్టడమంటే దాదాపు అలాంటి పనే. మరి ఎలుకల్ని ఎలా వదిలించుకోవాలి..? మందు లేకుండా కుదురుతుందా..? కుదురుతుంది. కాకపోతే పనుల వరస మార్చాలి. ముందు దారి మూయాలి, తర్వాత తిండి దాచాలి, ఆ తర్వాత బోను పెట్టాలి. మందు చిట్టచివరి మాట. అది కూడా తెలిసినవాళ్ల చేతుల మీదుగానే.

అసలు ఎలుక ఇంట్లోకి ఎందుకొస్తుంది..?

ఎలుకకు కావాల్సినవి మూడే. తిండి, నీళ్లు, దాక్కునే చోటు. ఈ మూడూ ఒకే చోట దొరికితే అది కదలదు. రాత్రిపూట మూత పెట్టని చెత్తబుట్ట, సింక్‌లో వదిలేసిన ఎంగిలి గిన్నెలు, కుక్కకు పెట్టి తీయకుండా వదిలేసిన అన్నం, పెరట్లో కోళ్ల కోసం చల్లిన నూకలు.. ఇవన్నీ ఎలుకకు విందు భోజనమే. కారే కుళాయి, ఫ్రిజ్ వెనక ట్రేలో చేరే నీళ్లు దాని దాహం తీరుస్తాయి. అటక మీద పేర్చిన పాత పేపర్లు, అట్టపెట్టెలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన సామాను గూడు పెట్టుకోవడానికి సరిపోతాయి.

ఎలుక ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. అందుకే తినడానికి పనికిరాని చెక్క, ప్లాస్టిక్ పైపు, కరెంటు వైరు కూడా వదలదు. వైరు మీది తొడుగు పోతే షార్ట్ సర్క్యూట్ అయ్యి మంటలు అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఎక్కువగా కదలకుండా పార్క్ చేసి ఉంచే కార్ల బానెట్ కింద వైర్లు కొరికేసేదీ ఇందుకే. నూనెలో తడిసిన వత్తి కోసం పూజగదిలో దీపాన్ని లాగేసే ఎలుకలూ ఉంటాయి. వెలుగుతున్న వత్తిని ఈడ్చుకెళ్తే బట్టలకో, కాగితాలకో నిప్పంటుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు దీపం కొండెక్కిందో లేదో చూసుకోవడం మంచిది.

పల్లెల్లో వరి కోతలయ్యాక ఎలుకలు ఇళ్ల మీద పడటం మామూలే. పొలంలో తిండి అయిపోగానే గడ్డివాములు, ధాన్యం బస్తాలు వెతుక్కుంటూ వస్తాయి. ఎలుక వెనకాలే పాము కూడా వస్తుంది. నాగుపాముకైనా, జెర్రిగొడ్డుకైనా ఎలుకే ఇష్టమైన ఆహారం. ఇంటి చుట్టూ ఎలుక బొరియలు ఉన్నాయంటే పాముకు ఇల్లు కట్టి పెట్టినట్టే. కాబట్టి పల్లెటూళ్లో ఎలుకల్ని అడ్డుకోవడమంటే పాముకాటు ముప్పును తగ్గించుకోవడం కూడా.

వచ్చింది ఎలుకేనా..? ఏ ఎలుక..?

అన్ని ఎలుకలకూ ఒకే మంత్రం పనిచేయదు. ముందు వచ్చిందెవరో గుర్తుపట్టాలి.

చిట్టెలుక: చూపుడు వేలంత ఉంటుంది. పెంటికలు బియ్యపు గింజ సైజులో, కొసలు సూదిగా ఉంటాయి. సొరుగుల్లో, బీరువాల్లో, పుస్తకాల వెనక కాపురం పెడుతుంది. కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికొచ్చి చూసే రకం. అందుకే బోనులో తొందరగా పడుతుంది.

ఇంటి ఎలుక: ఒళ్లు సన్నగా, తోక ఒంటి కంటే పొడవుగా ఉంటుంది. గోడలు, పైపులు, కేబుల్ వైర్లు ఎక్కడంలో దిట్ట. అటక, పెంకుటింటి దూలాలు, ఫాల్స్ సీలింగ్ దీని అడ్డాలు. కొత్త వస్తువు అంటే దీనికి మహా అనుమానం. బోను పెట్టిన మొదటి రెండు మూడు రోజులు అటువైపు కూడా రాకపోవచ్చు.

పందికొక్కు: బరువైన ఒళ్లు, మొద్దు మూతి. పైకి ఎక్కడం కంటే తవ్వడమే దీని పని. మోరీ పక్కన, పునాది అంచున, గేటు దగ్గర మట్టి కుప్ప కనిపించిందంటే అది దీని పనే. చిన్న బోనులో పట్టదు, పెద్దది కావాలి.

ఇక నాలుగోది చుంచెలుక. పొడవాటి మూతి, చిన్న కళ్లు, కిచకిచమని అరుపు, ఒకరకమైన కంపు. గోడ వారన పరుగెడుతూ కనిపిస్తుంది. చాలామంది దీన్నీ ఎలుకే అనుకుంటారు. నిజానికి ఇది ఎలుక జాతి కాదు. బొద్దింకలు, పురుగులు తిని బతుకుతుంది. ధాన్యం కలిపిన ఎర పెట్టినా పెద్దగా ముట్టదు. ఇంట్లో బొద్దింకలు తగ్గి, తలుపు కింద సందు మూస్తే దీని రాకపోకలు వాటంతట అవే తగ్గిపోతాయి.

ఒక్కటే కదా అని వదిలేస్తే..?

ఎలుక కడుపు మోసేది దాదాపు మూడు వారాలే. ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు మామూలు. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్లీ పిల్లల్ని పెట్టే వయసుకొస్తాయి. తిండి దొరికినంత కాలం ఏడాది పొడవునా ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. అందుకే పగటిపూట కూడా ఎలుక ధైర్యంగా తిరుగుతోందంటే ఇంట్లో వాటి సంఖ్య బాగా పెరిగిందని అనుమానించాలి. రాత్రి చాలక, తిండి చాలక పగలు బయటికొస్తున్నాయన్నమాట.

ఇంకో విషయం. పది ఎలుకల్ని చంపినా కన్నం తెరిచే ఉంటే, ఖాళీ అయిన చోటుకు పక్కింటి నుంచో, డ్రైనేజీ నుంచో కొత్తవి వచ్చి చేరతాయి. మందు పెట్టిన వారం రోజులు ప్రశాంతంగా ఉండి, నెల తిరక్కముందే మళ్లీ చప్పుడు మొదలవడానికి కారణం ఇదే.

మొదటి పని.. దారులు మూయడం

చిట్టెలుక దూరడానికి పెన్సిల్ పట్టేంత రంధ్రం చాలు. అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. కాస్త ఎదిగిన ఎలుకకు అర అంగుళం పైన సందు ఉంటే సరిపోతుంది. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టించుకుని లోపలికొచ్చేస్తుంది. కాబట్టి ఓ ఆదివారం పూట టార్చిలైట్ పట్టుకుని ఇల్లంతా ఒకసారి చుట్టిరావాలి. చూడాల్సిన చోట్లు ఇవీ..

• సింక్ కింద పైపు గోడలోకి వెళ్లే చోటు
• గ్యాస్ పైపు, ఏసీ పైపు, ఇంటర్నెట్ కేబుల్ కోసం వేసిన రంధ్రాలు
• ఎగ్జాస్ట్ ఫ్యాన్, వెంటిలేటర్ సందులు
• వీధి తలుపు, పెరటి తలుపు కింద ఖాళీ
• బాత్రూంలో నీళ్లు పోయే జాలీ
• పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే గోడకూ కప్పుకూ మధ్య సందు
• కిటికీ మీదకో, డాబా మీదకో వాలిన చెట్టు కొమ్మలు

ఎలుక రోజూ తిరిగే దారిలో గోడ వారన జిడ్డు మరక పడుతుంది. ఎక్కడి నుంచి వస్తుందో తెలియకపోతే సాయంత్రం గోడ అంచున కాస్త గోధుమపిండి గానీ ముగ్గుపిండి గానీ పలచగా చల్లి ఉంచితే సరి. తెల్లారి అడుగుల గుర్తులు అవే దారి చూపిస్తాయి.

కన్నాన్ని దేంతో మూస్తున్నారన్నదీ ముఖ్యమే. గుడ్డపేలికలు, థర్మాకోల్, అట్టముక్కలు కుక్కితే ఒక్క రాత్రికే కొరికి పారేస్తుంది. నురుగులా ఉబ్బే ఫోమ్ ఒక్కటే కొట్టినా లాభం లేదు. గిన్నెలు తోమే స్టీల్ పీచును గట్టిగా కుక్కి దాని మీద సిమెంట్ పూస్తే నిలుస్తుంది. పల్లెల్లో బొరియల్లో గాజుపెంకులు వేసి సిమెంట్‌తో మూసే అలవాటు ఉంది. అదీ పనిచేస్తుంది. వెంటిలేటర్లకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు సన్న కన్నుల ఇనుప జాలీ బిగించాలి. ప్లాస్టిక్ దోమతెర ఎలుకను ఆపదు. తలుపు కింద సందుకు రేకు పట్టీ కొట్టించాలి.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఎలుకలు ఉండగానే అన్ని దారులూ ఒక్కసారే మూసేస్తే లోపల ఉన్నవి లోపలే చిక్కుకుపోతాయి. అందుకే మూసే పనితో పాటే బోన్లు కూడా పెట్టాలి. బోనులో పడటం ఆగిపోయి, వారం రోజులు కొత్త పెంటికలు కనిపించకపోతే ఇల్లు ఖాళీ అయినట్టు లెక్క.

రెండో పని.. తిండి దొరక్కుండా చేయడం

బియ్యం, పప్పులు, పల్లీలు, బెల్లం.. ఇవన్నీ మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాల్లోకో, డ్రమ్ముల్లోకో మార్చాలి. పలచటి ప్లాస్టిక్ డబ్బాను ఎలుక సులువుగా కొరికేస్తుంది. బస్తా తప్పదనుకుంటే నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి. అలా పెడితే వెనకాల ఎలుక దాక్కునే వీలుండదు. చిల్లు పడితే వెంటనే కనిపిస్తుంది కూడా.

రాత్రి పడుకునే ముందు మూడు పనులు అలవాటు చేసుకుంటే సగం బాధ తీరినట్టే. ఎంగిలి గిన్నెలు కడిగేయడం లేదా కనీసం మెతుకులు తీసి నీళ్లు పోసి ఉంచడం. చెత్తబుట్టకు మూత పెట్టడం లేదా తడి చెత్తను బయట పెట్టడం. స్టవ్ కింద, గట్టు మీద రాలిన పిండి, పోపు గింజలు తుడిచేయడం. పూజగదిలో నైవేద్యం, కొబ్బరిచిప్పలు రాత్రంతా వదిలేయకూడదు. పెంపుడు కుక్క తినగా మిగిలింది తీసేయాలి.

మూడో పని.. బోను పెట్టడం

వైరు బోను అయినా, చెక్క బోను అయినా, స్ప్రింగు కొట్టే రకం అయినా.. అన్నింటికంటే ముఖ్యం పెట్టే చోటు. ఎలుక గది మధ్యలోంచి నడవదు. మీసాలు గోడకు రాసుకుంటూ అంచునే వెళ్తుంది. కాబట్టి బోను గోడకు ఆనించి, జిడ్డు మరకలు ఉన్న దారిలోనే పెట్టాలి. ఇల్లంతటికీ ఒక్క బోను సరిపోదు. మూడు నాలుగు చోట్ల ఒకేసారి పెడితే ఫలితం ఉంటుంది.

ఎరగా మన ఇళ్లల్లో పెట్టే మసాలా వడ, ఉల్లి పకోడీ, కాల్చిన ఎండుచేప ముక్క, కొబ్బరి ముక్క.. ఏదైనా పనికొస్తుంది. వాసన ఘాటుగా ఉండాలి. ఊరికే పెట్టడం కాకుండా కొక్కేనికి గట్టిగా గుచ్చాలి. లేదంటే తలుపు పడకుండానే లాక్కుపోతుంది. ఇంటి ఎలుకకు అనుమానం ఎక్కువ కాబట్టి మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి ఎర మాత్రం పెట్టాలి. తిని వెళ్లడం అలవాటయ్యాక అప్పుడు తలుపు సిద్ధం చేస్తే చిక్కుతుంది.

వినాయకుడి వాహనం కదా, చంపడం ఎందుకని పట్టిన ఎలుకను వీధి చివర వదిలేసేవాళ్లూ ఉన్నారు. దగ్గర్లో వదిలితే అది తిరిగి వచ్చేస్తుంది. లేదంటే పక్కవాళ్ల ఇంటికి చేరుతుంది. కన్నం మూయని ఇంటికి ఈ పని రోజూ తప్పదు.

జిగురు పూసిన అట్టలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. అయితే వాటికి అంటుకున్న ఎలుక గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ నరకం చూసి చస్తుంది. ఆ పెనుగులాటలో మూత్రం, పెంటికలు అక్కడే పడతాయి. పిచ్చుకలు, బల్లులు, పిల్లికూనలు కూడా అంటుకుపోతాయి. వీటిని వాడొద్దని భారత జంతు సంక్షేమ మండలి సూచించింది. పలు రాష్ట్రాలు వీటి తయారీ, అమ్మకాలను ఆపాలంటూ ఆదేశాలు కూడా ఇచ్చాయి.

సోషల్ మీడియా చిట్కాలు పనిచేస్తాయా..?

లవంగాలు, పుదీనా నూనె, పటిక పొడి, ఎండుమిర్చి, ఉల్లిపాయ ముక్కలు.. రీల్స్‌లో ఇలాంటి చిట్కాలకు లెక్కే లేదు. ఘాటు వాసనకు ఎలుక కొద్దిసేపు పక్కకు తప్పుకుంటే తప్పుకోవచ్చు. వాసన తగ్గగానే, ఆకలి వేయగానే మళ్లీ వస్తుంది. గూడు పెట్టిన ఎలుకను ఇల్లు ఖాళీ చేయించే శక్తి వీటికి లేదు.

నాఫ్తలీన్ గుళికలతో మాత్రం జాగ్రత్త. పిల్లలు చాక్లెట్ అనుకుని నోట్లో పెట్టుకుంటారు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో ఇవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వంటింట్లో, పసిపిల్లల బట్టల మధ్య పెట్టకపోవడమే మేలు.

ఇక ప్లగ్గులో పెడితే చాలు ఎలుకలు పారిపోతాయని చెప్పే అల్ట్రాసోనిక్ పరికరాలు. ఇలాంటి ప్రచారానికి శాస్త్రీయ ఆధారాలు ఉండాలంటూ అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. ఆ శబ్దం గోడల్ని, ఫర్నిచర్‌ని దాటి వెళ్లదు. కొన్నాళ్లకు ఎలుకలు దానికి అలవాటు పడిపోతాయి. ఆ డబ్బుతో నాలుగు బోన్లు, ఒక సిమెంట్ సంచి కొనుక్కోవడం నయం.

ఏ మందులో ఏ విషం ఉంది..?

ఎలుకల మందు అనేది ఒక్కటి కాదు. అందులో ఏముందన్న దాన్ని బట్టే ప్రమాదం, చికిత్స కూడా మారిపోతాయి.

పేస్టు మందు: టూత్‌పేస్ట్ లాంటి ట్యూబులో వచ్చే కొన్ని మందుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. అన్నింటికంటే మోసకారి ఇదే. మింగిన తొలిరోజు వాంతులు, కడుపునొప్పి వస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే ఉంటాడు. గండం గడిచిందనుకుని ఇంటికి తీసుకొచ్చేస్తారు. సరిగ్గా ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడో రోజుకు కామెర్లు, రక్తస్రావం, స్పృహ తప్పడం. దీనికి విరుగుడు మందు లేదు. కొందరికి కాలేయ మార్పిడి తప్ప మరో దారి ఉండదు. తమిళనాడు ప్రభుత్వం ఈ రకం పేస్టు అమ్మకాలపై నిషేధ ఉత్తర్వులు కూడా ఇచ్చింది. బ్రష్షుల స్టాండు దగ్గర, వంటింటి గట్టు మీద ఈ ట్యూబు ఉంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

నల్లపొడి మందు: జింక్ ఫాస్ఫైడ్. కడుపులోకి వెళ్లగానే ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు తయారవుతుంది. దీనికీ విరుగుడు లేదు.

బిళ్లలు: అల్యూమినియం ఫాస్ఫైడ్. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడేవి. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ బయటికొస్తుంది. తినక్కర్లేదు, పీల్చినా ప్రాణం పోతుంది. ప్రభుత్వ అనుమతి ఉన్న నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన మందు ఇది. మనుషులు పడుకునే ఇంట్లో, ఏసీ వేసి తలుపులు మూసే గదిలో దీనికి చోటే లేదు. బియ్యం డ్రమ్ములో వేసే అలవాటున్నవాళ్లూ వెంటనే మానుకోవాలి.

కేకు మందు: నీలం, ఆకుపచ్చ రంగుల్లో బిస్కెట్‌లా ఉంటుంది. బ్రోమాడయోలోన్ లాంటివి ఇందులో ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా చేసి ఎలుకను నాలుగైదు రోజుల్లో చంపుతుంది. పొలాల్లో సామూహిక ఎలుకల నివారణకు వ్యవసాయ శాఖ సిఫార్సు చేసేది కూడా ఇదే. దీనికి విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది కాబట్టి మిగతా వాటికంటే నయం. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. పిల్లలు బిస్కెట్ అనుకుంటారు. మందు తిన్న ఎలుకను తింటే పిల్లి, కుక్క, గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉంది.

మందు తిన్న ఎలుక దాహమేసి బయటికెళ్లి చస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఎక్కువగా అటక మీదో, ఫాల్స్ సీలింగ్‌లోనో, బీరువా వెనకాలో చచ్చిపడుతుంది. ఆ కంపు వారం పది రోజులు పోదు.

మందు తప్పని పరిస్థితి వస్తే పని తెలిసిన, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లనే పిలవాలి. ఏ మందు వాడుతున్నారు, ఎక్కడ పెడుతున్నారు, ఎన్ని గంటలు ఇంటికి దూరంగా ఉండాలి.. ఈ మూడూ అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఫాస్ఫైడ్ బిళ్లలు, పొడి అయితే ఇంట్లోకి రానివ్వొద్దు. కేకు మందు అయితే తాళం వేసే ఎర పెట్టెల్లోనే ఉంచమనాలి. డబ్బా మీద ఉండే వజ్రం ఆకారపు గుర్తును గమనించాలి. అందులో ఎరుపు రంగు ఉందంటే అత్యంత విషపూరితమని అర్థం. టమాటా, పకోడీ, చపాతీ లాంటి మనం తినే పదార్థాలకు మందు పట్టించి ఇంట్లో పెట్టకూడదు.

పొరపాటున ఎవరైనా మింగితే..?

• వెంటనే 108కి ఫోన్ చేయాలి. బాగానే ఉన్నాడు కదా అని ఒక్క గంట కూడా ఆగొద్దు.
• ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించొద్దు.
• పాలు, నెయ్యి, నూనె పట్టించొద్దు. భాస్వరం కొవ్వులో కరిగి ఒంటికి ఇంకా తొందరగా ఎక్కుతుంది.
• మందు ట్యూబు, ప్యాకెట్ లేదా డబ్బా తప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పేరు తెలిస్తేనే డాక్టర్లు సరైన చికిత్స మొదలుపెట్టగలరు.
• ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117. డాక్టర్లు కూడా ఇక్కడ సలహా తీసుకోవచ్చు.
• ఇంట్లో వెల్లుల్లి లేదా కుళ్లిన చేపల లాంటి వాసన వస్తూ ఒకరిద్దరికి వాంతులు, ఆయాసం మొదలైతే అందరూ వెంటనే బయటికి రావాలి. మందు ఎక్కడుందో వెతుక్కుంటూ లోపల ఉండిపోకూడదు.
• కేకు మందు మింగిన పిల్లల్లో రెండు మూడు రోజుల దాకా లక్షణాలు కనిపించకపోవచ్చు. ఆ తర్వాత చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు వస్తాయి. అప్పటిదాకా ఆగకుండా ముందే రక్తపరీక్ష చేయించాలి.

పెంటికలు ఊడుస్తున్నారా..? చీపురు పక్కన పెట్టండి

ఎలుకల వల్ల వచ్చే జబ్బుల్లో మనకు ఎక్కువ ముప్పు లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు, బురద కాలి పగుళ్లకో, చిన్న గాయానికో తగిలితే చాలు, ఆ సూక్ష్మక్రిమి ఒంట్లోకి చేరుతుంది. వానాకాలంలో, వరదల తర్వాత ఎక్కువ. తీవ్రమైన జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మొదట్లోనే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది. జ్వరంతో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఎలుకలున్నాయని, మురుగు నీళ్లలో తిరిగామని చెప్పడం మర్చిపోవద్దు. స్క్రబ్ టైఫస్‌ను మోసే నల్లుల్లాంటి సన్నటి పురుగులు కూడా ఎలుకల్ని ఆశ్రయించి బతుకుతాయి.

అందుకే పెంటికల్ని పొడిగా ఊడవకూడదు, వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. ఆ దుమ్ము గాల్లో లేచి ముక్కులోకి పోతుంది. ముందు కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు వేసుకోవాలి. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద, మూత్రం మరకల మీద పోసి ఐదు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత కాగితంతో ఎత్తి కవర్లో కట్టి పారేయాలి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ కలిపితే విషవాయువు వస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. చచ్చిన ఎలుకనైనా ఇదే పద్ధతిలో తీయాలి.

ఎలుక ముట్టిన అన్నం, పండ్లు, కూరగాయలు పారేయాల్సిందే. కొరికిన చోటు కోసేసి మిగతాది తినడం సరికాదు.

ఎలుక కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దొద్దు. డాక్టర్‌ను కలిసి టీటీ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్ అవసరమేమో తెలుసుకోవాలి. ఎలుక కాటుకు రేబిస్ టీకా అవసరం పడటం చాలా అరుదు. అయినా ఆ మాట డాక్టర్ చెప్పాల్సిందే. పసిపిల్లలు, షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు నిద్రలో ఎలుక కొరికినా గుర్తించలేకపోవచ్చు. అలాంటివాళ్లు ఉన్న ఇంట్లో నేల మీద పడకలు వేయకపోవడం, దోమతెరను పరుపు కింద దోపడం మంచిది.

ఒక్క ఇల్లు బాగుపడితే సరిపోతుందా..?

సరిపోదు. అపార్ట్‌మెంట్‌లో ఎలుక ఒక ఫ్లాట్‌ది కాదు. డక్టులో పైపుల వెంట కింది నుంచి పై అంతస్తు దాకా తిరుగుతుంది. ఒకరు కన్నం మూస్తే పక్కవాళ్ల వంటింట్లో తేలుతుంది. సెల్లార్‌లో చెత్త గది, డ్రైనేజీ మూతలు, లిఫ్టు గుంట, జనరేటర్ గది.. ఇవన్నీ అందరి బాధ్యత. అసోసియేషన్ మీటింగులో మెయింటెనెన్స్ లెక్కలతో పాటు ఈ మాట కూడా ఎత్తాలి. ఒకే వారంలో డక్టులకు జాలీలు, పగిలిన మ్యాన్‌హోల్ మూతలకు కొత్తవి, ఎక్కడికక్కడ బోన్లు పెడితేనే ఫలితం కనిపిస్తుంది.

రైతులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. డెల్టా ప్రాంతంలో ఎలుకల్ని పట్టేవాళ్లు పొలమంతా వరసగా బుట్టలు పెడతారు. ఒక్కరి చేలో పెట్టి ఊరుకుంటే పక్క చేలోంచి మళ్లీ వచ్చిపడతాయని వాళ్లకు అనుభవం. మడి అయినా, మేడ అయినా ఇదే సూత్రం.

ఖర్చు కూడా పెద్దగా ఏమీ లేదు. కాస్త సిమెంట్, రెండు స్టీల్ పీచులు, తలుపుకు ఒక రేకు పట్టీ, మూడు నాలుగు బోన్లు, గట్టి మూతలున్న డబ్బాలు. ఇవన్నీ ఏళ్ల తరబడి పనికొస్తాయి. ఇప్పటికే ఇంట్లో ఎక్కడైనా మిగిలిపోయిన పేస్టు ట్యూబో, మందు పొట్లమో ఉంటే దాన్ని ఈ రోజే పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచండి. టమాటా మీదో, పకోడీ మీదో పట్టించి పెట్టిన మందు ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఎలుక ఇవాళ కాకపోతే రేపు బోనులో పడుతుంది.